రాఘవరెడ్డి గురి

2003 వేసవిలో బెళుగుప్ప ఊరి రాఘవరెడ్డి గురి పోటీలకని ఎయిర్ రైఫిల్ కొని, దానిపై బిగించే దుర్బిణి, అదే స్కోపు కోసం అనంతపురం దుకాణానికి వచ్చాడు.

“అగ్గవలో, తక్కువ ధరకొచ్చే మంచిది చూపించప్పా.”

“పోటీకి ఈ చిన్నది చాలన్నా,” అన్నాడు దుకాణదారు.

రెడ్డి కన్ను పెట్టి చూసి పెదవి విరిచాడు. “దుడ్లు తక్కువుండల్ల, దూరం ఎక్కువ కనపడల్ల. పుల్లన్న తోట దాకా.”

పుల్లన్న పక్క పొలం ఆసామి, రెడ్డికి బద్ధశత్రువు. దుకాణదారు స్కోపును చప్పున వెనక్కి తీసుకున్నాడు.

“అన్నా, పొద్దున పుల్లన్న కూడా మీ తోట దాకా కనపడేది కొనుక్కపోయినాడు.”

రెడ్డి కుర్చీలో కూలబడ్డాడు.

“పోలీసులకు చెప్పన్నా. ప్రాణం ముఖ్యం.”

“ప్రాణం కాదప్పా! వాని బోరులో నీళ్లొస్తాండాయో లేదో చూద్దామనుకుంటి. మా బోరు ఎండిపోయిన సంగతి వాడు ముందే చూసేసింటాడు!”