గడియకి ఇవతల

ఐస్ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ నాదీ, మా బావమరిదిదీ. ఐస్ గదిలో దూరి, లోపల్నించి తలుపు బాది వాణ్ణి హడలగొట్టడం నాకు రోజూ ఉన్న సరదా. ఆ రాత్రి నేను టీ తెచ్చేసరికి వాడు ఆ తలుపుకి గడియ పెట్టి, చెవి ఆనించి నవ్వుతున్నాడు.

"ఇంకాస్త బతిమాలు బావా, తీస్తా."

"ఎవర్తోరా మాటలు?" అన్నాను వెనకనించి.

తిరిగి చూశాడు. నవ్వు ఆగిపోయింది. "నువ్వు లోపలున్నావుగా. ఇందాకట్నించీ మాట్లాడుతున్నావు."

"గడ్డకట్టి చస్తున్నాను, తియ్యరా," అంది లోపల్నించి అచ్చం నా గొంతు.

"తియ్యకు," అన్నాను.

వాడు గడియ పట్టుకుని, నాకు దూరంగా జరిగాడు. "లోపలున్నది మా బావైతే, నువ్వెవరు?"

"నేనేరా, ఒట్టు," అన్నాను.

అదే మాట, నాతోపాటే, లోపల్నించీ వచ్చింది.

గడియ సగం జరిగింది.