తోలు కింద దూడ

దూడ చచ్చిన మర్నాడే పశువుల కేంద్రం వాళ్లు దాని నకలును తెచ్చి వరహాలమ్మ పాకలో కట్టేశారు. ప్రతి దూడకీ ఒక నకలు పెంచి ఉంచడం ఇప్పుడు మామూలే. నొసట అదే తెల్లచుక్క, అదే గొంతు. గేదె మాత్రం ఒకసారి వాసన చూసి కాలితో తన్నింది. పాలు చేపలేదు.

"అదే దూడ కదే, ఇసుమంత తేడా లేదు," అన్నాడు మొగుడు అప్పలస్వామి.

"ఆ మాటేదో దానికే చెప్పు," అంది వరహాలమ్మ.

వెనకటి రోజుల్లో దూడ చస్తే, గేదె పాలిచ్చేలా తోలులో గడ్డి కుక్కి దాని ముందు నిలబెట్టేవాళ్లు. ఆమె చచ్చిన దూడ తోలు తెచ్చి బతికున్న దూడ మీద కప్పింది. గేదె నాకడం మొదలుపెట్టి, కాసేపటికి చేపింది. వరహాలమ్మ చెంబు పట్టుకుని కూర్చుంది.

తోలు కింద దూడ, ఆ నాలుక తన దాకా వస్తుందేమోనని మెడ సాచి చూస్తోంది.