ఆయన గుండె జబ్బు

“గుండె జబ్బు నాది, ఆయాసం నీకా?” అన్నాడు మాస్టారు, మెట్ల మలుపులో నిలబడి.

ఆసుపత్రిలో లిఫ్టు చెడిపోయింది. ఆయన భార్య నాలుగు మెట్లు కిందే ఆగి, సంచీని ఎడమ చేతి నుంచి కుడి చేతికి మార్చుకుంది. సంచీలో ఆయన మందులు, ఆయన నీళ్ల సీసా, ఆయన స్వెట్టరు ఉన్నాయి.

“వస్తున్నా. ఈ బరువు మీరు మోస్తే తెలిసేది.”

“నోటికి మాత్రం ఆయాసం ఉండదు.”

రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆయన గుండె తప్ప ఇంకో మాట లేదు. బడిలో పాతికేళ్లు జీవశాస్త్రం చెప్పిన నోరు, ఊరికే ఉంటుందా? బైపాస్ అవసరమో కాదో డాక్టరు ఇవాళ తేలుస్తాడు. ఆ భయంతో మాస్టారికి రాత్రి కంటి మీద కునుకు లేదు. భయం వేసినప్పుడల్లా భార్య మీద విరుచుకుపడటం ఆయనకు అలవాటు. పొద్దున ఆమె కింది పన్ను సలుపుతోందని కాసేపు పడుకుంటే, తన చెకప్ రోజే పన్ను గుర్తొచ్చిందా అని దులిపేశాడు. ఆమె కూడా తక్కువ తినలేదు. ఇంట్లో జబ్బు పడే హక్కు ఒక్కరికే ఉందని మర్చిపోయానంది.

వరండాలో ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ఆమె గోడకు ఆనుకుంది. పక్కనున్న పెద్దమనిషి మర్యాదకు ఏమైందని అడిగి ఇరుక్కుపోయాడు.

“రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకుంటుందండీ. ఏళ్ల తరబడి గట్టిపడి, దారి ఇరుకైపోతుంది. ఆ పొర ఓ రోజు చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టిందా, గుండెపోటే. గుండెల మీద బండ పెట్టినట్టుంటుంది. పడ్డవాడికే తెలుస్తుంది. ఈవిడకేం తెలుసు?”

“ఎందుకు తెలీదు? రెండేళ్లుగా ఆ బండను మోస్తున్నది నేనేగా,” అందామె, నుదుటి చెమట తుడుచుకుంటూ.

“చూశారా? ఫ్యాను కింద నిలబడి కూడా చెమటలే. ఒళ్లంతా కోపం పెట్టుకుంటే మరి?”

పెద్దమనిషి ఫోను తీసి అందులో తల దూర్చాడు.

డాక్టరు గదిలో ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది. మాస్టారు కూర్చుని తన ఛాతీ గురించి మొదటి నుంచీ మొదలుపెట్టాడు. డాక్టరు ఆయన ముఖం చూడలేదు. ఆయన భుజం మీదుగా తలుపు వైపు చూస్తున్నాడు. ఇంత చదువుకున్నవాడికి వినే ఓపిక లేదని మాస్టారికి ఒళ్లు మండింది.

“డాక్టరుగారూ, నేనిక్కడున్నాను.”

డాక్టరు గంట కొట్టాడు. నర్సు రాగానే, చక్రాల కుర్చీ తెమ్మని, ఈసీజీ గది ఖాళీ చేయించమని గబగబా చెప్పాడు.

మాస్టారికి బైపాస్ ఖాయమనిపించింది. అనుకున్నంతా అయింది. అయినా భార్య ముందు బెదిరినట్టు కనబడటం ఇష్టం లేక లేచి నిలబడ్డాడు.

“కుర్చీ అక్కర్లేదు. నేను నడవగలను.”

“మీకు కాదు,” అన్నాడు డాక్టరు.