పాలు తోడుకోని రంగు

"మీ దగ్గర అన్నిటికన్నా చల్లటి రంగేది?" అని అల్లుడు అడిగేసరికి రంగుల కొట్టాయన చేతిలోని నమూనాల పుస్తకం జారి కిందపడింది.

చలికాలం గుమ్మంలోకి వచ్చేసింది. ఊరు ఊరంతా గోడలకు వెచ్చటి రంగులు వెతుక్కుంటోంది. నారింజ రంగు వేస్తే దుప్పటి అక్కర్లేదనీ, ఇటుక రంగు వేస్తే కుంపటి దండగనీ కొట్టాయన పొద్దున్నుంచి గొంతు పోయేలా చెబుతున్నాడు. ఈయనేమో చలిని డబ్బాలో పట్టుకుపోతానంటున్నాడు.

"ఎవరి గదికి సార్?"

"మా మామగారి గదికి."

కొట్టాయనకూ ఒక మామగారున్నారు. ఇంకేమీ అడక్కుండా లోపలికెళ్లి లేతనీలం డబ్బా తెచ్చాడు. మూత తీయగానే పక్కనున్న ఇద్దరు తుమ్మారు.

"కిందటేడు ఒకాయన వేయించుకున్నాడు సార్. ఆ ఇంట్లో ఇప్పటికీ పాలు తోడుకోలేదు," అన్నాడు గొంతు తగ్గించి.

మామగారు ఏటా చలి మొదలవగానే పెట్టేబేడాతో దిగుతారు. ఎండలు ముదిరేదాకా కదలరు. దిగిన మరుక్షణం కిటికీ పక్క పడక కుర్చీ ఆయనదైపోతుంది. ఇంట్లోకొచ్చే పొద్దుటి ఎండ మొత్తం ఆ కుర్చీ మీదే పడుతుంది. అల్లుడు మాత్రం నాలుగు నెలలూ నీడలో ముక్కాలిపీట మీద ముడుచుకుని, ఆయన నలిపేసిన పేపరు చదువుకోవాలి. ఈ తాపత్రయమంతా ఆ కుర్చీ కోసమే.

మామగారి గదికి మంచు రంగు పడింది. భార్యకు అనుమానం రాకుండా తమ పడకగదికి నిప్పుకణికలాంటి నారింజ వేయించాడు. నాన్న గది ఎంత ప్రశాంతంగా ఉందో అని ఆ అమాయకురాలు మురిసిపోయింది కూడా.

మామగారు దిగారు. నాలుగు గోడలూ కలియజూసి, మఫ్లరు బిగించారు. రెండో రోజు కుర్చీ మొహమే చూడలేదు. గోడను వేలితో తడుముతూ, అల్లుడి వైపు ఓరగా చూస్తూ ఏదో ఆలోచనలో పడ్డారు. మూడో రోజు పొద్దున్నే పెట్టె సర్దేశారు.

"వెళ్లొస్తానమ్మా. ఈ గోడలు చూశాక ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదు," అన్నారు కూతురితో. అల్లుణ్ణి ఆ రంగు నంబరు రాసిమ్మన్నారు. ఎందుకని అడిగే ఓపిక అల్లుడికెక్కడిది? రాసిచ్చి, పెట్టె తానే నెత్తిన పెట్టుకుని బస్సు దాకా పరుగెత్తాడు.

ఇక చూడాలి అల్లుడి వైభోగం. ఎండా ఆయనదే, మడత నలగని పేపరూ ఆయనదే. కొట్టాయన ఎదురుపడితే కాళ్లకు మొక్కేవాడే.

పదిహేనో రోజు మామగారి ఫోను వచ్చింది. గొంతులో పాతికేళ్లు తగ్గాయి.

"అల్లుడుగారూ, నేను ఏటా మీ ఇంటికి పారిపోయి వచ్చేది చలికి భయపడి కాదు, మీ అత్తగారికి భయపడి. ఇన్నాళ్లకు మీరు దారి చూపించారు. ఇల్లంతా అదే రంగు వేయించాను. ఆవిడ వారం రోజులు ముక్కు చీదింది. పాలు తోడుకోవడం లేదని పొద్దున బస్సెక్కేసింది."

"ఎక్కడికి?" అన్నాడు అల్లుడు.

"ఇంకెక్కడికి? మీ పడకగది కుంపటిలా ఉందని అమ్మాయి చెప్పిందట, అందులోనే దిగుతుంది. మీరు నా గది వాడుకోండి, మొహమాటపడకండి."