కొట్టేసిన వేలిముద్ర

రిజిస్టరులో నలభై సంతకాలు. వాటి కింద ఒక వేలిముద్ర.

బిందుమాధవి పేజీలు వెనక్కి తిప్పింది. పాడేరు అవతల కొండల్లోని ఈ యువజన కేంద్రానికి ఆమె అధికారిగా వచ్చి నెల కూడా కాలేదు. ప్రతి శనివారం పేజీలోనూ అదే ముద్ర.

"ఇదెవరిది?"

కంప్యూటరు నేర్పే రవికుమార్ వరండా వైపు చూపించాడు. "గాసి అని, ఆ ముసలాయనది మేడం. పిల్లలతో వస్తాడు. ఉప్మా తిని సాయంత్రం దాకా నిద్రపోతాడు."

వరండా మూల ఒకాయన తువ్వాలు పరుచుకుని గుర్రు పెడుతున్నాడు. మోకాళ్ళ దాకా ఎండిన మట్టి.

బిందుమాధవికి ఒళ్ళు మండింది. వచ్చే శనివారమే తనిఖీ. నలభై మంది కుర్రకారు కనబడకపోతే నిధులు ఆపేసి, కేంద్రాన్ని టౌనుకు మార్చేస్తారు. ఈ ముద్ర చూస్తే రిజిస్టరంతా దొంగదంటారు.

వెళ్ళి లేపింది. "తాతా, నీ వయసెంత?"

"తెల్దమ్మా. ముసిలోణ్ణే."

"ఇది ఇరవై తొమ్మిదేళ్ళ లోపు వాళ్ళకి. ఇక నువ్వు రానక్కర్లేదు."

గాసి ఆమె చేతిలోని రిజిస్టరు కేసి చూశాడు. "మరి నా ముద్ర?"

"దాంతో పని లేదు" అని ఆయన కళ్ళ ముందే ఎర్ర పెన్నుతో కొట్టేసింది. నిక్కచ్చి మనిషినని ఆమెకు తన మీద తనకే కాస్త గర్వం.

"అలగేనమ్మా. మీరు సెప్పినాక మరేటుంది."

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పిల్లల వాలీబాల్ అయ్యేదాకా గట్టు మీద కూర్చుని, వాళ్ళ వెనకే కొండెక్కిపోయాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

తనిఖీ సంగతి ఆమె వాట్సాప్ గ్రూపులో నాలుగుసార్లు పెట్టింది. అన్నిటి పక్కనా ఒకటే టిక్కు. నెట్ స్లో అనుకుంది.

శనివారం పదింటికి తనిఖీ వాళ్ళ జీపు వచ్చింది. కుర్చీలు నలభై. కూర్చున్నది రోడ్డు పక్క ఊరి కుర్రాళ్ళు ఇద్దరు.

పదకొండయింది. పన్నెండయింది.

"యువత ఆసక్తి చూపడం లేదు" అని రాసుకుని, ఒంటిగంటకు వాళ్ళు జీపెక్కి వెళ్ళిపోయారు.

బిందుమాధవికి ఏడుపొచ్చింది. రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆ ఏడుపుతోనే కొండెక్కింది. గంటన్నర నడిచి మొదటి ఊరు చేరేసరికి కాళ్ళు పట్టేశాయి.

ఊరి మొదట్లో ఆరుగురు కూర్చుని ఉన్నారు. నున్నగా తలలు దువ్వుకుని, సంచులు తగిలించుకుని. కానిస్టేబుల్ పరీక్షకు చదివే సోని కూడా ఉంది.

"తయారై కూడా రాలేదేం?"

"పిలుపు రానేదు మేడం. పొద్దుట్నించీ సూస్తన్నాం" అంది సోని.

"వాట్సాప్‌లో పెట్టాను కదా."

"ఈడ సిగ్నలేటుంది మేడం?"

"పోనీ, శనివారమని తెలుసు కదా."

"తెలుసు. బారిక పిలవకపోతే కదలం. వాగు పొంగినా, ఏ ఊళ్ళోనన్నా మనిషి పోయినా పిలవడు. పిలవనేదంటే దారి మంచిది కాదని."

"బారిక అంటే?"

"ఊళ్ళకి కబురు సెప్పేవోడు. మా గాసి తాత."

బిందుమాధవి అక్కడే రాతి మీద కూలబడింది. "ఎన్ని ఊళ్ళకి?"

"ఏడు. శుక్రోరమంతా తిరిగి ఇంటింటికీ సెప్తాడు. వాగుల్లో దిగి లోతు సూస్తాడు. శనోరం కోడి కూయకముందే ఆఖరూర్నించి ఒక్కొక్కర్నీ కలుపుకుని దిగుతాడు. మొదట్లో నన్ను పంపనని మా యమ్మ తలుపేసేసింది మేడం. 'నేనే తీసుకెల్తాను, నేనే దిగబెడతాను' అని గుమ్మంలో కూకున్నాడు."

"ఆ ఏడో ఊరెక్కడ?"

సోని మూడు కొండల అవతలికి చెయ్యి చూపించింది. బిందుమాధవికి మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. ఒక్క ఊరికే తన పని అయిపోయింది. ఆ మట్టి కాళ్ళు గుర్తొచ్చాయి. ఎదురుగా ఉంటే ఆ కాళ్ళకి దణ్ణం పెట్టేది.

"తాతకి ఒంట్లో బానేదా మేడం? మీకేటన్నా సెప్పినాడా?"

ఆమె మెల్లగా రిజిస్టరు తెరిచింది. "ఈ ముద్ర ఎందుకేసేవాడు సోనీ?"

సోని ఎర్ర గీత చూసింది.

"పిలిసినోళ్ళంతా సేమంగా సేరినారని బారిక పెద్దల ముందు సెప్పాల. మీకాడ పెద్దలెవరో తెలీక, ఆ పుస్తకానికే సెప్పేవోడు."

ఇన్నాళ్ళూ ఆ కేంద్రాన్ని నడిపిన అధికారి, తన వరండాలోనే తువ్వాలు పరుచుకుని నిద్రపోయేవాడని బిందుమాధవికి అప్పుడు తెలిసింది.