కాపలా కాసొచ్చిన దుప్పి

"చిగురూ! ఒరే చిగురూ!" అంటూ జాజి అనే దుప్పిపిల్ల పొదల్లోంచి గెంతుకుంటూ వచ్చింది. చిగురు ఉలిక్కిపడి, కొమ్ములు దించి మీదికి దూకబోయి ఆగాడు.

ఆ మందలో కొమ్ములు మొలిచిన ప్రతి కుర్ర దుప్పీ ఒక వానాకాలం అడవి అంచున పులి రాకుండా కాపలా కాయాల్సిందే. చిగురు నిన్ననే తిరిగొచ్చాడు.

"నీ చలవ వల్ల అందరం హాయిగా నిద్రపోయాంరా. ఎంత గట్టిపడ్డావో!" అని పక్కనే మేస్తున్న తాతదుప్పి మురిసిపోయాడు.

"గట్టిపడి నన్నే పొడుస్తాడట, వీరుడు!" అని జాజి నవ్వింది. "పదరా, ఎప్పట్లాగే వాగులో గెంతుదాం."

చిగురు కదల్లేదు. జాజి నవ్వు ఆగిపోయింది.

"నామీద కోపమా?"

"కాదు జాజీ. అక్కడున్నన్నాళ్ళూ నీ అడుగుల చప్పుడే తలుచుకుని బతికాను. ఇప్పుడది వినబడితే పులి వస్తోందనిపిస్తోంది."