ఒక్కరూ అలసిపోని జలాంతర్గామి

"ముందు డ్యూటీ చార్టు. ఆ తర్వాతే ఏదైనా," అన్నారు చార్టుగారు.

"అది కాదు బావా, అన్నిటికంటే ముందు నువ్వు..." అని బావమరిది ఏదో చెప్పబోయాడు.

"ఒరేయ్, పద్దెనిమిదేళ్లుగా ఆసుపత్రిలో నర్సులకి డ్యూటీలు వేస్తున్నవాణ్ణి. నాకు చెప్పొచ్చావా? ఈ పడవని నాలుగుసార్లు ముంచినవాడివి నువ్వు. ఇక దయచెయ్యి."

బావమరిది మూతి ముడుచుకుని దయచేశాడు. కంప్యూటర్‌లో జలాంతర్గామి ఆట మిగిలింది. దాని ముందు చార్టుగారు మిగిలారు.

ఆసుపత్రిలో ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. చార్టుగారంటే చార్టుగారే. పోయిన నెల ఒక నర్సు వరసగా మూడు డ్యూటీలు చేసి, రోగి నోట్లో పెట్టాల్సిన థర్మామీటరు తన నోట్లో పెట్టుకుని, నిలబడే నిద్రపోయింది. మర్నాడే నర్సులంతా కలిసి అర్జీ పెట్టారు.

"మీకు మనుషులు కనపడటం లేదండీ, గళ్లల్లో టిక్కులు కనపడుతున్నాయి," అంది సూపరింటెండెంట్ మేడమ్. "వారం రోజులు ఇంట్లో కూర్చోండి. ఈలోగా ఆ పనికి ఇంకెవరినైనా చూస్తాను."

చార్టు లేకపోతే చార్టుగారేమిటి? ఉత్త గారు. ఆ దిగులుతో రెండు పూటలు ఆయనకి ముద్ద దిగలేదు.

అది చూడలేకే బావమరిది ఈ ఆట తెచ్చాడు. పడవలో ఇరవై నాలుగు మంది సిబ్బంది. ఒక్కొక్కరి నెత్తిన ఒక రంగు పట్టీ. ఆకుపచ్చగా ఉంటే హుషారు. పసుపైతే ఆవలింతలు. ఎర్రబడితే ఉన్నచోటే కూలబడతారు. నలభై రోజులు ఒక్కరూ కూలబడకుండా నడిపినవాడు తనకి తెలిసి లేడన్నాడు బావమరిది.

చార్టుగారు వెంటనే మేడమ్‌కి ఫోన్ చేశారు. "నలభై రోజులు నడిపి చూపిస్తానండీ. అది చూశాక నా కుర్చీ ఎవరికిస్తారో ఇవ్వండి."

మేడమ్ నవ్వు ఆపుకుని, ఆదివారం సాయంత్రం వస్తానంది.

ఆటలో ఒక రోజు గడవడానికి అరగంట. చార్టుగారు సిబ్బందిని మూడు జట్లు చేశారు. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విశ్రాంతి. పెద్ద కాగితం మీద గళ్లు గీసి, ఎప్పుడూ కళ్లెదుటే ఉండాలని తెర పై సగానికి టేపుతో అంటించేశారు. కింది సగంలో గదులూ మనుషులూ కనపడుతున్నారు, చాలు.

"ఆ పైన ఏముందో కనపడక్కర్లేదా?" అంది భార్య. ఆవిడ రేవులో పడవ టిక్కెట్లు అమ్ముతుంది.

"పైనేముంటుంది? నీళ్లు. ఇదేమన్నా నీ రేవు పడవనుకున్నావా?"

ఆవిడ చేతులు తిప్పుకుంటూ పనికి వెళ్లిపోయింది.

ఐదో రోజున నీళ్లలో చప్పుళ్లు వినే మనిషి, "బయట కుక్క మొరుగుతోంది," అని కబురు పెట్టాడు. చార్టుగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. సముద్రంలో కుక్కేమిటి? పట్టీ చూస్తే పచ్చగానే ఉంది. పాపం, పైకి చెప్పుకోడు గానీ లోపల్లోపల అలిసిపోయాడనుకుని రెండు డ్యూటీలు సెలవిచ్చారు. సెలవయ్యాక వచ్చి, "సైకిల్ బెల్లు," అన్నాడు. ఇంకో రెండిచ్చారు.

పదిహేడో రోజు ఇంకా గండం. చుక్కాని పట్టేవాడి పట్టీ చూస్తుండగానే పసుపెక్కింది. వాడు చుక్కాని మీదే తల వాల్చి గుర్రు పెట్టాడు. చార్టుగారు తెర మీదికి వంగారు. "లే నాయనా, వెళ్లి పడుకో," అని తెరతోనే మాట్లాడుతూ మనిషిని మార్చారు. ఇంత జరిగినా పడవ వెంట్రుక వాసి కూడా దారి తప్పలేదు. చార్టు మహిమ అనుకుని తన భుజం తానే తట్టుకున్నారు.

ముప్పయ్యో రోజుకి చమురు చుక్క తగ్గలేదు. వంటవాడు ఇంకా తాజా కూరలే తరుగుతున్నాడు. మనుషులకి కంటినిండా నిద్ర ఉంటే పొదుపు దానంతటదే వస్తుందని చార్టుగారు భార్యకి ఉపన్యాసం ఇచ్చారు.

కానీ ఒకటి మాత్రం నిజం. ఆ పట్టీలు చూసీ చూసీ ఆయన మనసు మెత్తబడింది. నర్సుల నెత్తిన కూడా ఇలాంటి పట్టీలుండి ఉంటే ఆ థర్మామీటరు పిల్లది ఎంత ఎర్రగా ఉండేదో తలుచుకుని, ఒంటరిగా కూర్చుని కళ్లు తుడుచుకున్నారు.

ఆదివారం సాయంత్రం మేడమ్ వచ్చింది. ఆవిడ కళ్లముందే నలభయ్యో రోజు పూర్తయింది. ఇరవై నాలుగు పట్టీలూ పచ్చగా మెరిశాయి. ఒక్కడూ కూలబడలేదు, ఒక్కడికీ జ్వరం రాలేదు. చప్పుళ్లు వినేవాడొక్కడు సెలవులో ఉన్నాడు.

"రేపు ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకుంటానండీ," అన్నారు చార్టుగారు.

మేడమ్ కూడా కరిగిపోయింది. "రేపొచ్చి మీ కుర్చీలో మీరే కూర్చోండి. నడిసముద్రంలో ఇంతమందిని కాపాడినవారు మా నర్సుల్ని చూసుకోలేరా? ఆ చార్టు ఇలా ఇవ్వండి, అందరికీ చూపిస్తాను."

చార్టుగారు ఉబ్బితబ్బిబ్బై లేవబోతుంటే, భార్యే ముందుకొచ్చి టేపు ఊడదీసి, చార్టు చేతిలో పట్టుకుని, తెర పై సగం చూస్తూ అలాగే నిలబడిపోయి, "ఏమండీ, పడవని గట్టుకి కట్టేసిన తాడు ఇంకా విప్పలేదేం?" అంది.